కరణము లెక్కయా? దండోరాయా?



ఉత్తరము ఎంత చక్కగా వ్రాసినను, పైన చిరునామా లేనిచో అది తపాలా పెట్టెను దాటి పోజాలదు. నేడు మన చేతులలోని ఫోనులును, పంచాయతీ కార్యాలయములలోని కంప్యూటర్లును అంతర్జాలము ద్వారా పంపుకొను వార్తలకును ఇదియే ధర్మము. పంపు యంత్రమునకు ఒక చిరునామా ఉండవలెను; పుచ్చుకొను యంత్రమునకు ఒక చిరునామా ఉండవలెను. ఈ చిరునామా అంకెలతో కూడినది. దానిని మనము వ్రాయము. ఫోను తెఱచిన క్షణముననే అది ఏర్పడుచున్నది. ఏర్పడుచున్నది సరే, ఏర్పఱచువా రెవరు? ఒకరు లెక్క వ్రాసికొని యంత్రమునకు చిరునామా ఇయ్యవలెనా, లేక యంత్రమే తన చిరునామాను తాను కల్పించుకొనవలెనా? ఈ ప్రశ్నపై విద్వాంసులు సుమారు ముప్పది సంవత్సరములుగా వాదించుకొనుచున్నారు. ఇది యంత్రశాస్త్రజ్ఞుల ఇంటి తగవు గదా యని మనము ఊరకుండరాదు. ఏలయనగా, ఎవడు ఎప్పుడు ఎచ్చట నుండెనో తెలుపు లెక్క ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న ఇందే ఇమిడియున్నది.

మొదట చిరునామా స్వరూపమును చూతము. నేను నివసించు తార్నాకలో పెక్కు ఇండ్ల సంఖ్యలు 12-13 అని మొదలగును. మొదటి సంఖ్య వార్డును, రెండవది అందలి బ్లాకును, పిదప వచ్చునది ఇంటిని తెలుపును. 1972 ఆగస్టు 15వ తేదీ నుండి తపాలాశాఖవారి ఆఱంకెల పిన్‌కోడు దీనికి తోడైనది. దూరముననున్న తపాలా ఉద్యోగి పిన్‌కోడును మాత్రమే చూచును. ఇంటి సంఖ్యతో పని పడునది వీధికి వచ్చిన పిదపనే. అంతర్జాలపు చిరునామా కూడ ఇట్లే రెండు భాగములు. ముందు భాగము వీధిని, వెనుక భాగము ఆ వీధిలోని ఇంటిని తెలుపును. మన పేర్లతో పోల్చినచో, ముందున్నది ఇంటిపేరు, వెనుకనున్నది సొంతపేరు.

ఇంటిపేర్ల పంపకమున పెద్ద తగవు లేదు. ప్రపంచభాండారమును చూచుకొను సంస్థ ఐకాన్. దాని 57వ సభ 2016 నవంబరు 3వ తేదీ నుండి 9వ తేదీ వఱకు మన హైదరాబాదునందే జరిగెను. ఆ భాండారము నుండి ఆసియా-పసిఫిక్ ఖండములకు ఒక వాటా, అందుండి భారతదేశమునకు, అందుండి ఫోను కంపెనీలకును విశ్వవిద్యాలయములకును వాటాలు వచ్చును. సర్కారు నుండి జిల్లాకు, జిల్లా నుండి తాలూకాకు, తాలూకా నుండి గ్రామమునకు వచ్చినట్లే. తగవంతయు గ్రామమునకు వచ్చిన పిదప, ఇల్లిల్లు పంచుకొనునప్పుడు పుట్టినది.

ఈ సంఖ్యలు యంత్రమున పది అంకెలతో గాక, సున్న, ఒకటి అను రెండే గుఱుతులతో వ్రాయబడును. ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త కాదు. పద్యపాదమున ప్రతి అక్షరము లఘువో గురువో కావలెను. ఒక అక్షరమునకు రెండు విధములు, రెంటికి నాలుగు, మూటికి ఎనిమిది. అక్షరము పెరిగిన కొలది ప్రస్తారము రెట్టింపగును. ఇరువదియాఱు అక్షరముల ఉత్కృతి ఛందమున 6 కోట్ల 71 లక్షల 8 వేల 864 వృత్తములు పుట్టును. ఆ ప్రస్తారమునే ముప్పదిరెండు అక్షరముల వఱకు పొడిగించినచో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వచ్చును. 1981లో నిర్ణయింపబడిన అంతర్జాలపు నాలుగవ కూర్పునందలి చిరునామాలు సరిగా ఇన్నియే.

ఆనాడు అది తఱుగని గాదె యని తోచెను. మనిషికొక ఫోను వచ్చుటతో గాదె అడుగంటెను. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచభాండారమున మిగిలిన కడపటి పెద్ద వాటాలు పంచబడెను. అదే సంవత్సరము ఏప్రిలు 15వ తేదీ నుండి ఆసియా-పసిఫిక్ వాటాలో కఱవుకాలపు కొలత మొదలయ్యెను. అందుచేత ఒకే సంఖ్యను వందలమంది పంచుకొను ఏర్పాటు వ్యాపించెను. పెద్ద ఉమ్మడి కుటుంబమునకు వీధివైపున ఒకే తలుపు ఉన్నట్లు. లోపలనుండి బయటికి వచ్చినవాడు ఎవడో వీధిలోనివారికి తెలియదు.

ఈ కఱవును ముందే ఊహించి 1995లో స్టీవ్ డీరింగ్, రాబర్ట్ హిండెన్ అను విద్వాంసులు ఆఱవ కూర్పును రచించి ప్రకటించిరి. అందు చిరునామాకు 128 అక్షరములు. సాధారణముగా 64 వీధికి, 64 ఇంటికి. ఒక్క వీధిలోనే ఇరువది అంకెల సంఖ్య అంత ఇండ్లకు చోటు కలదు. చోటు కొఱకైన కలహము తీరినది. కాని చోటు విరివియైన పిదపనే, ఆ చోటును ఇచ్చువాడు కావలెనా యను కలహము పుట్టినది.

ఇక రెండు పద్ధతులను వివరించెదను. మొదటిది కరణము పద్ధతి. 1984లో ఆ పదవులు రద్దగు వఱకు మన గ్రామములలో ఏ చేను ఎవరిదో చెప్పువాడు కరణము, తెలంగాణమున పట్వారీ. అంతర్జాలమున ఇట్టి కరణమును 1993లో ఏర్పఱచినవారు అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాల్ఫ్ డ్రోమ్స్. దీనికి డి.హెచ్.సి.పి. యని పేరు. ఇచ్చట బీజాంకురన్యాయము వంటి చిక్కు ఒకటి కలదు. చిరునామా అడుగుటకు మాటలాడవలెను. మాటలాడుటకు చిరునామా ఉండవలెను. ఈ చిక్కును విప్పుటకు, క్రొత్తగా వచ్చిన యంత్రము వీధి నడుమ నిలిచి, ‘ఇచ్చట లెక్క వ్రాయువా రెవరు?’ అని అందఱకు వినబడునట్లు కేక వేయును. కరణము, ‘ఈ సంఖ్య ఖాళీగా నున్నది’ యని చెప్పును. ‘దానినే నా పేర వ్రాయుడు’ అని యంత్రము కోరును. ‘వ్రాసితిని, ఇంత కాలము నీది’ యని కరణము ముగించును. నాలుగు మాటలలో పని తీరును. ఇచ్చినది శాశ్వతపట్టా కాదు. గడువు గల కౌలు. గడువు తీరకముందే మరల అడిగికొనవలెను. అడుగనిచో ఆ సంఖ్య మఱియొకరికి పోవును.

రెండవది దండోరా పద్ధతి. 1996లో సూసన్ థాంసన్, టామస్ నార్టెన్ అనువారు దీనిని ప్రకటించిరి. దీని పొట్టిపేరు స్లాక్. దారి చూపు యంత్రమును రౌటరు అందురు. అది ఉండియుండి, ‘ఈ వీధి పేరు ఇది, బయటికి పోవు దారి నా గుండా’ యని దండోరా వేయును. అంతకు మించి అది ఏమియు చేయదు. దండోరా విన్న యంత్రము ఆ ఇంటిపేరునకు తన సొంతపేరును తానే చేర్చుకొనును. చేర్చుకొనుటకు ముందు, ‘ఈ పేరు గలవారు వీధిలో ఎవరైన ఉన్నారా?’ యని ఒకమారు అడుగును. ఎవరును పలుకనిచో ఆ పేరు దానిదే. కరణము లేడు, కవిలె లేదు, కౌలు లేదు.

ఇప్పుడు ఉభయవాదుల మాటలను విందము. వీరి వాదమునకు విశ్వవిద్యాలయమును మించిన రంగస్థలము లేదు. 1918లో స్థాపింపబడిన మన ఉస్మానియా విశ్వవిద్యాలయము వంటి చోట కళాశాలలు, గ్రంథాలయము, వసతిగృహములు, వానిలో వేల విద్యార్థులు, ఒక్కొక్కరికి ఒకటి రెండు యంత్రములు ఉండుట మీకు ఊహకు అందనిది కాదు.

కరణము పక్షమువా రిట్లందురు: ‘ఇంతమంది ఉన్నచోట లెక్క లేకున్న పాలన యెట్లు సాగును? ఒక వసతిగృహపు యంత్రము చెడి అందఱ దారికి అడ్డుపడినచో, అది ఏ గదిలోనిదో తెలియవలెను గదా. ఎవడైన బెదిరింపు వ్రాత వ్రాసినచో, రేపు పోలీసులు వచ్చి అడిగిన ఏమి చెప్పుదుము? యంత్రములు తోచిన పేరు పెట్టుకొనుచుండగా మేము జవాబుదారులము కాజాలము.’ ఈ మాటలో న్యాయము కలదు.

దండోరా పక్షమువా రిట్లందురు: ‘కరణము మంచము పట్టిననాడు ఊరంతయు నిలిచిపోవలెనా? చిన్న ఇంటికి, చిన్న దుకాణమునకు లెక్క వ్రాయు యంత్రము వేఱొకటి ఏల? ఒక యంత్రమునకు ఒకే సంఖ్య యని కరణము బిగించినచో, తన ఫోను ద్వారా తమ్ముని కంప్యూటరునకు దారి ఇయ్యదలచిన విద్యార్థి ఏమి చేయవలెను? ఇరువది అంకెల చోటు ఉండగా కఱవుకాలపు పిడికిలి ఏల?’ ఈ మాటలోను న్యాయము కలదు.

ఈ వాదము మాటలతో ఆగలేదు. ఆండ్రాయిడ్ ఫోనులను రూపొందించు గూగుల్ వారు, పైన చెప్పిన కారణమునే చూపి, ఆఱవ కూర్పున కరణము ఇచ్చు ఒంటి సంఖ్యను పది సంవత్సరములకు పైగా స్వీకరింపలేదు. యాపిల్ ఫోనులును విండోసు కంప్యూటర్లును స్వీకరించినవి. ఇందలి ఫలమును గమనింపుడు. ఒక విద్యాసంస్థ ఆఱవ కూర్పున కరణము లెక్క ఒక్కటియే చాలునని నిర్ణయించినచో, వెలగల ఫోను పట్టిన బిడ్డకు తలుపు తెఱచుకొనును. పల్లె నుండి వచ్చి తక్కువ వెలకు ఆండ్రాయిడ్ కొనుక్కున్న బిడ్డకు తెఱచుకొనదు. పాత నాలుగవ కూర్పు తలుపు ఉన్నంతకాలము వానికి పని జరుగును. అది మూతపడిననాడు వాడు అరుగుమీదనే నిలువవలెను. పెద్దలిద్దఱు పంతము పట్టినప్పుడు నష్టము పిల్లలకు గదా!

దండోరా పద్ధతి నిర్దోషమని తలపరాదు. ఆరంభమున దానియందొక పెద్ద దోషముండెను. యంత్రము సొంతపేరును దేనినుండి కల్పించుకొనెను? తయారుచేసినవారు దాని లోపల చెక్కిన సంఖ్య నుండి. అది పుట్టుమచ్చ వంటిది, ఎన్నటికి మాఱదు. ఉదాహరణమునకు ఒక విద్యార్థిని అనుకొందము. ఉదయమున తార్నాకలోని అద్దెగదిలో వాడు ఫోను తెఱచును. అచ్చటి ఇంటిపేరు ఒకటి. మధ్యాహ్నము విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పోవును. అచ్చటి ఇంటిపేరు వేఱు. సాయంకాలము 1939లో ప్రారంభింపబడిన ఆ ఆర్ట్సు కళాశాల భవనము ముందర కూర్చుండును. సెలవులలో తన ఊరికి పోవును. ఇంటిపేరు ఎన్నిమాఱులు మాఱినను సొంతపేరు మాఱదు. ఏ దూరదేశముననో కూర్చున్న వ్యాపారి ఆ పేరును గుఱుతు పెట్టుకొని, ఈ పిల్లవాడు ఏ వేళ ఎచ్చట నుండెనో ఇంచుమించుగా వ్రాసికొనవచ్చును. కరణము లేడని సంతోషించితిమి. కనబడని కరణములు లోకమంతట పుట్టిరి.

విద్వాంసులు దీనిని గుర్తించి 2001లో ప్రతిక్రియ చెప్పిరి. యంత్రము పుట్టుమచ్చను చూపక, తోచిన పేరొకటి పెట్టుకొని, సాధారణముగా దినమున కొకటిగా మార్చుకొనవచ్చునని నియమము చేసిరి. 2014లో మఱియొక మధ్యమార్గము ప్రకటించిరి: ఒక చోట నున్నంత కాలము ఒకే పేరు, చోటు మాఱిన పేరు మాఱును. ఇట్లు విద్యార్థికి రక్షణ కలిగెను. కాని కరణము పక్షమువారి కష్టము ఇనుమడించెను. దినమున కొక పేరు పెట్టుకొను వేలమందిని లెక్కలో పట్టుట సులభమా?

కరణము లెక్కయందలి దోషమును కూడ చెప్పక తప్పదు. లెక్క ఉన్నంతమాత్రమున సత్యమున్నట్లు కాదు. 2007లో ఒక మహాపురుషుని అవమానించు చిత్రములను ఎవరో అంతర్జాలమున ప్రకటించిరి. పుణే పోలీసులు చిరునామా సంఖ్యను పట్టుకొని, అది ఎవరిదని కంపెనీవారి నడిగిరి. వారు బెంగుళూరులోని ఒక యువకుని పేరు చెప్పిరి. ఆ యువకుని పట్టుకొనిపోయి చెఱలో నుంచిరి. ఆ సంఖ్య వానిది కాదని, కంపెనీవారు చెప్పినది తప్పని తరువాత తేలెను. అప్పటికి వాడు సుమారు ఏబది దినములు చెఱలో గడపియుండెను. ఆలోచింపుడు. చేనిగట్టు లెక్కలో తప్పు పడినచో కోర్టుకు పోయి సరిచేసికొందుము. పోయిన ఏబది దినములను ఏ కోర్టు తిరిగి ఇయ్యగలదు? కౌలుకు ఇచ్చిన సంఖ్య చేతులు మాఱుచుండును. గంట తేడా పడిన, మనిషి తేడా పడును. ఒకే తలుపును వందలమంది పంచుకొనునప్పుడు ఈ ప్రమాదము మఱింత ఎక్కువ.

మఱియొక మాట. ఉభయపద్ధతులయందును దొంగకు సందున్నది. వసతిగృహములో ఒక విద్యార్థి తెలియకయే బజారున కొన్న చిన్న రౌటరును గోడకు తగిలించును. అది తానే కరణమునని సంఖ్యలు పంచనారంభించును, లేదా తానే గ్రామసేవకుడనని దండోరా వేయనారంభించును. నమ్మినవా రందఱు దారి తప్పుదురు. 2011లో ఈ దొంగదండోరాను గూర్చియు, దానిని అడ్డు కావలిని గూర్చియు విద్వాంసులు పత్రములు ప్రకటించిరి. కరణము లెక్కకును ఇట్టి కావలి వాడుకలో నున్నది. కావున ఏ పద్ధతి మేలనుటకు ముందు, కావలి యున్నదా యని అడుగవలెను.

ఇట్లు పూర్వపక్షము, ప్రతిపక్షము వింటిమి. ఇక సిద్ధాంతము. నా మతమున, వీరు తగవులాడుచున్నది ఒక వస్తువును గూర్చి కాదు, రెండు వస్తువులను గూర్చి. ఒకరికి కావలసినది జవాబుదారీ; ఒకరికి కావలసినది స్వేచ్ఛ. ఈ రెండును ఒకదానికొకటి శత్రువులు కావు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లుగాక, ఒక్కొక్కరికి ఒక్కొక్క వీధినే ఇచ్చినచో ఏమగును? వీధి ఎవరికిచ్చితిమో కరణము వ్రాసికొనును. ఆ వీధిలో ఎన్ని ఇండ్లు కట్టుకొనవలెనో, వానికి ఏ పేరు పెట్టవలెనో, ఎన్నాళ్ల కొకమాఱు మార్చవలెనో అది పుచ్చుకొన్నవాని ఇష్టము. ఇరువది అంకెల చోటు ఉన్నప్పుడు ఇది దుబారా కాదు.

ఇది నా కల్పన కాదు. యంత్రమునకొక వీధి యను మార్గము 2017లో ఒక పత్రముగను, కరణము ద్వారానే అట్టి వీధిని ఇప్పించు మార్గము 2024లో మఱియొక పత్రముగను వెలువడినవి. ఇంకను విశేషమేమనగా, ఆఱవ కూర్పున నడచు చరవాణి సేవయందు ఇది ఇదివఱకే ఆచారము. 2016 సెప్టెంబరులో జియో సేవ మొదలైన పిదప మన దేశమున ఆఱవ కూర్పు వేగముగా వ్యాపించినది; నేడు అంతర్జాలము వాడు భారతీయులలో నూటికి డెబ్బదిమందికి పైగా దానిని అందుకొనగలుగుచున్నారు. వారి ఫోనునకు కంపెనీ ఒక వీధిని ఇచ్చును. సొంతపేరును ఫోనే పెట్టుకొనును. ఏ వీధి ఎవరికిచ్చెనో కంపెనీకి తెలియును. విశ్వవిద్యాలయములలో పండితులు వాదించుచుండగా, రచ్చబండ మీద కూర్చున్న రైతు జేబులో సమన్వయము జరిగిపోయినది!

అయినను, వీధి లెక్కయైనను లెక్కయే. అది ఎవరి చేత నుండవలెను, ఎంతకాలముండవలెను అను ప్రశ్న మిగిలియే యున్నది. 2022 ఏప్రిలు 28వ తేదీన కేంద్రప్రభుత్వమువారి సర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఉత్తరువు ప్రకారము సేవాసంస్థలును ప్రభుత్వ సంస్థలును తమ యంత్రముల నడవడి లెక్కలను 180 దినములు భద్రపఱుపవలెను. మఱియొక వైపున, 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠము పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా, వ్యక్తి ఏకాంతము రాజ్యాంగము రక్షించు హక్కు అని తీర్పు చెప్పెను. ఒకటి లెక్క ఉంచుమనుచున్నది; ఒకటి మనిషిని గౌరవింపుమనుచున్నది. రెండు ఆజ్ఞలును పాలింపవలసినవే.

గ్రామపెద్దలారా! గ్రామపంచాయతీలకు కాంతితంతువులను చేర్చు పథకము 2011లో ఆమోదింపబడి, నేడు భారత్‌నెట్ అను పేర నడచుచున్నది. మీ ఊరి పాఠశాలకు, పంచాయతీకి ఆ తంతువు వచ్చినప్పుడు, దానిని ఏర్పాటు చేయువారిని మీరు నాలుగు ప్రశ్నలు అడుగుడు. వెలతక్కువ ఫోనునకును, వెలగల ఫోనునకును సమానముగా తలుపు తెఱచుకొనునా? ఎవరికి ఏ సంఖ్య ఎప్పుడిచ్చితిరో గడియారము తప్పక వ్రాయుచున్నారా? ఆ లెక్కను చూచుటకు ఎవరికి అధికారము, చట్టపు గడువు తీరిన పిదప దానిని చెఱిపివేయుదురా? దొంగ కరణమునకును, దొంగ దండోరాకును కావలి యున్నదా? ఈ ప్రశ్నలకు యంత్రశాస్త్రము చదువనక్కఱలేదు. ఊరిలో మంచి కరణమును, చెడ్డ కరణమును గుర్తించిన మీ అనుభవమే చాలును.

పేరు పెట్టుట మన సంప్రదాయమున సంస్కారములలో నొకటి. పేరు పిలుచుటకే గాని వెంటాడుటకు కాదు. పిలిచిన పలుకునట్లును, వెంటాడిన దొరకనట్లును పేరు పెట్టుకొను మార్గము నేడు యంత్రములకు లభించినది. దానిని వినియోగించు వివేకము మనకుండవలెను.

సెలవు.